నూట యాభై ఎనిమిది ఎందుకొచ్చింది

నేను ఒక బీపీ మిషన్‌ని. మీరు ఇప్పుడు ఇళ్ళలో పెట్టుకుంటున్న, బొత్తాం నొక్కగానే కీచుమని అరిచి అంకెలు చూపించే ఆటబొమ్మను కాను. ఇనప డబ్బాలో నిలువుగా లేచే గాజు గొట్టం, గొట్టంలో పాదరసం, చేతికి చుట్టే గుడ్డ పట్టీ, పిసకడానికి నల్ల రబ్బరు బుడ్డి ఉన్న పాతకాలపు సరుకుని. నన్ను బల్ల మీద పెట్టి మూత తెరిస్తే చాలు, సగం మందికి బీపీ అక్కడే పెరిగేది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు.

ఉత్తరాదిన ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. నాలో పాదరసం పోసినవాడు బీడీ కాలుస్తూ పోశాడు. సున్నా గీత దగ్గర సరిగ్గా నిలిచిందో లేదో ఒంటికన్నుతో చూసి "ఠీక్ హై" అన్నాడు. నాకు జరిగిన పరీక్ష అంతే. అయినా ఇరవై రెండేళ్ళలో నా అంకె ఎప్పుడూ తప్పలేదు. ఇది గొప్పలు పోవడమే, ఒప్పుకుంటాను. మనుషుల మధ్య అన్నేళ్ళు పనిచేస్తే ఎవరికైనా ఈమాత్రం పొగరు వస్తుంది.

నన్ను కొన్నది హన్మకొండలో నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టర్ గజాననరావు. మహా తెలివైనవాడని ఊరంతా అనేది. రోగి చేయి చాపకముందే ఆయనకు రోగం తెలిసిపోయేది. నా పాదరసం ఇంకా సగం దారిలో దిగుతుండగానే, ఫోన్లో ఎవరితోనో స్థలాల బేరం మాట్లాడుతూ, చీటీ మీద నూట ఇరవై బై ఎనభై అని రాసేసేవాడు. అలాంటప్పుడు నేనెందుకు, నా గొట్టమెందుకు? రోగులు అంతకంటే ఘనులు. పొద్దున్నే ఆవకాయతో రెండుసార్లు కలుపుకొని తిని వచ్చి, "ఉప్పు ముట్టనే ముట్టను సార్" అని దేవుడి మీద ఒట్టేసేవాళ్ళు. అంకె తక్కువొస్తే తమ గొప్ప, ఎక్కువొస్తే నా తప్పు. ఎంతుంది అని అడగనివాడు లేడు. ఎందుకుంది అని అడిగినవాడిని ఆ గదిలో నేను చూడలేదు.

నీలవేణి ఆ గదికి మొదటిసారి వచ్చింది ఈ ఏడాది మార్చిలో. ఫైలు మీద ఉన్నది వేరే పేరు, మగపేరు. కాంపౌండరు ఆ పేరునే వరండా అంతా వినబడేలా మూడుసార్లు పిలిచాడు. ఆమె తనకు పెట్టుకున్న పేరు నీలవేణి, కాబట్టి నేనూ అలాగే అంటాను. ఇరవై నాలుగేళ్ళు. చౌరస్తాలో పెద్ద చీరల దుకాణంలో చీరలు విప్పి చూపించే పని. మణికట్టు దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. మగపిల్లాడిగా పుట్టినా తాను ఆడదాన్నేనని చిన్నప్పుడే తెలుసుకున్న మనిషి. ఆడవాళ్ళ హార్మోన్లు మొదలుపెట్టుకోవచ్చని మానసిక వైద్యుడి దగ్గర కాగితం కూడా తెచ్చుకుంది. ఇక ఒంటి పరీక్ష ఒక్కటే మిగిలింది. దానికే ఇక్కడికొచ్చింది.

కాంపౌండరు నా పట్టీని ఆమె చొక్కా చేయి మీదుగానే చుట్టాడు, రెండు వేళ్ళతో, ఒళ్ళు తగలకుండా. గుడ్డ మీద పట్టీ కడితే అంకె పైకి పోతుందని నర్సింగ్ చదివే పిల్లలకు కూడా తెలుసు. అతనికి పదేళ్ళ అనుభవం, పైగా శుభ్రత ఎక్కువ. ఆమె కుర్చీ అంచున, మోకాళ్ళు దగ్గరగా బిగించుకొని కూర్చుంది. నా పాదరసం నూట యాభై ఎనిమిది దగ్గర ఆగింది, కింద అంకె నూరు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. ఎప్పుడొచ్చినా మధ్యాహ్నం రెండింటికి, దుకాణంలో భోజనాల వేళ. రెండుసార్లూ అటూ ఇటుగా అదే అంకె. మూడోసారి గజాననరావు ఫోను పక్కన పెట్టాడు. ఆయన ఫోను పక్కన పెట్టాడంటే ఉపన్యాసం ఉందన్నమాట.

"ఈ వయసుకే ఇంత బీపీ. ఆ హార్మోన్లు మింగితే నరాల్ల రక్తం గడ్డకట్టి చస్తవ్. దేవుడిచ్చిన పెయ్యిని ఇచ్చినట్టు ఉంచుకో. మీ అమ్మానాయిన మొహం చూడు" అన్నాడు. వాళ్ళమ్మానాన్నల మొహం ఆయనెన్నడూ చూసింది లేదు. ఫైల్లో "హార్మోన్లకు పనికిరాదు" అని రాసి, బీపీ గోలీలు రాసి, బెల్లు కొట్టాడు. ఆమె ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని లేచి వెళ్ళింది.

నెల తిరక్కుండానే గజాననరావు కొడుకు కీచుమనే మిషన్లు ఆరు తెచ్చాడు. నన్నేం చేయాలో తోచలేదు. అంతలో డాక్టరుగారి అరవయ్యో పుట్టినరోజు వచ్చింది. ఖాజీపేటలో హిజ్రాలు, ట్రాన్స్ ఆడవాళ్ళు కలిసి సంఘం పెట్టుకొని సొంతంగా ఒక చిన్న క్లినిక్ నడుపుతున్నారు. నన్ను వాళ్ళకు దానం చేశాడు. దానికొక ఫ్లెక్సీ, ఒక ఫోటోగ్రాఫరు. ఫోటోలో డబ్బాకు ఒక కొసన ఆయన వేళ్ళు, ఇంకో కొసన సంఘం మనిషి వేళ్ళు, మధ్యలో నేను. ఆ దూరం ఉంచడానికి నా డబ్బా పొడవు సరిగ్గా సరిపోయింది.

కొత్త యజమానులను చూసి నేనేమీ మురిసిపోలేదు. రెండు గదుల అద్దె ఇల్లు, ప్లాస్టిక్ కుర్చీలు, పొద్దస్తమానం లొడలొడ. ఒకరి చీర మీద ఇంకొకరి వ్యాఖ్యానం. ఎవరొచ్చినా కూర్చోగానే ఒక స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టడం అక్కడి ఆచారం. బయట ఏ ఇంట్లోనూ తమకు గ్లాసుతో నీళ్ళివ్వరు గనక, ఇక్కడ ఇవ్వకుండా ఎవరితోనూ మాట మొదలుపెట్టకూడదని పెట్టుకున్నారట. వైద్యశాలా, చలివేంద్రమా అని ఈసడించుకున్నాను. నన్ను చూసుకునేది యాకమ్మ, నలభై ఐదేళ్ళ మనిషి, ఆరోగ్య కార్యకర్తగా శిక్షణ తీసుకుంది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచేది. మంగళవారం, శుక్రవారం డాక్టర్ సుజన వచ్చేది.

మే నెలలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి నీలవేణి ఆ గుమ్మంలో నిలబడింది. అదే పొడుగు చేతుల చొక్కా, అదే ఫైలు. యాకమ్మ నీళ్ళు పెట్టింది. సుజన ఫైలు చదివింది. యాకమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్ళి చొక్కా విప్పించి, భుజాల మీద చున్నీ కప్పి తీసుకొచ్చి, నా పట్టీ ఒంటి మీద చుట్టింది. ఆ చేయి నున్నగా, వెంట్రుక లేకుండా ఉంది. ఆ పొడుగు చేతుల గుట్టు అదన్నమాట. ఈసారి నూట యాభై బై తొంభై ఎనిమిది. తగ్గింది గానీ చాలినంత కాదు.

"ఇంత బీపీ మీద మొదలుపెట్టలేనమ్మా. ప్రమాదం" అంది సుజన. ఆమె చెప్పిన తీరు వేరు, గజాననరావు తీరు వేరు. నీలవేణికి రెండూ ఒకటే.

"సరే మేడం. మందుల దుకాణంల పిల్లలు పుట్టకుండ ఏసుకునే గోలీలు అడిగితే ఇస్తరు. అవీ ఆడ హార్మోన్లేనట, మా రూంల ఉండే అక్క గుప్పెడు మింగుతది. నేనూ మింగుత" అని ఫైలు తీసుకొని లేచింది. ఊరికే బెదిరించే గొంతు కాదు అది. లెక్క తేలిపోయిన మనిషి గొంతు.

యాకమ్మ ఆమెను ఆపలేదు, బుద్ధులు చెప్పలేదు. బల్ల మీద గ్లాసు వైపు చూసింది. అంచు దాకా పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

"నీళ్ళెందుకు తాగలే బిడ్డా?"

"దూప లేదక్కా."

"ఇంత ఎండల నడిచొచ్చినవ్. దూప లేదా?" యాకమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొంది. "పొద్దున ఒంటికి ఎన్నింటికి పోయినవ్?"

"ఆరింటికి."

"మల్ల ఎప్పుడు పోతవ్?"

"రూంకు పోయినంక. తొమ్మిదిన్నర అయితది."

మిగతాది యాకమ్మ అడక్కుండానే బయటికొచ్చింది. దుకాణం వెనక మగవాళ్ళ పాయిఖానాకు వెళ్తే తోటి పనివాళ్ళు తలుపు మీద బాదేవాళ్ళు. ఒకరోజు లోపలేముందో చూస్తామని గొళ్ళెం ఊడగొట్టారు. ఆడవాళ్ళదాంట్లోకి వెళ్తే ఉద్యోగం పోతుంది. అందుకని రెండేళ్ళుగా పగలు నీళ్ళు తాగడం మానేసింది, తాగిన కాసిన్నీ ఆపుకుంటోంది. గజాననరావు రాసిన బీపీ గోలీలు కూడా అందుకే ముట్టలేదు. అవి వేసుకుంటే ఒంటికి ఎక్కువసార్లు పోవాల్సొస్తుందని ఎవరో అన్నారట.

సుజన పెన్ను కింద పెట్టింది. "ఇది నేను మొదట అడగాల్సింది. మూత్రం ఆపుకుంటే బీపీ పెరుగుతుందని నాకు తెలుసు, అడగలేదు" అంది. ఒక డాక్టరు నోట ఆ మాట వినడం నా ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.

"నాకూ చదువుతోని తెల్వలే మేడం" అంది యాకమ్మ. "రైల్ల అడుక్కున్నన్ని రోజులు నేనూ నీళ్ళు తాగలే." తర్వాత నీలవేణి చేయి పట్టుకొని లేపింది. "పో బిడ్డా. మన దాంట్ల గొళ్ళెం గట్టిగ వడ్తది. అయినా నేను బయట నిలవడ్త."

పావుగంట గడిచాక, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ నా పట్టీ చుట్టారు. నూట ఇరవై ఆరు బై ఎనభై రెండు.

నాకు కోపం వచ్చింది. నా అంకె ఎన్నడూ తప్పలేదని మురిసిపోయినదాన్ని. తప్పలేదు నిజమే. కానీ ఆ సరైన అంకెనే చూపించి ఒక మూర్ఖుడు ఈ పిల్లను గుప్పెడు గోలీల దాకా తరిమాడు. నేనూ ఆ గదిలో అతని పనిముట్టునే కదా. అప్పటినుంచి నా గొప్పలు కొంచెం తగ్గించుకున్నాను. గజాననరావు మీద ఏవగింపు మాత్రం తగ్గించుకోలేదు.

సుజన తొందరపడలేదు. మూడు వారాలు వరుసగా పిలిపించి చూసింది, రక్త పరీక్షలు చేయించింది. అన్నీ బాగున్నాయి. అప్పుడు ఇంకో చిక్కు చెప్పింది. "నేనిచ్చే రెండు రకాల గోలీల్లో ఒకటి మగ హార్మోనును అడ్డుకుంటది. దాంతో మూత్రం ఎక్కువైతది, నీళ్ళు బాగా తాగాలి. దుకాణంలో నీకు బాత్రూం లేకపోతే ఇది మొదలుపెట్టలేను. ముందు అది తేల్చుకోండి."

యాకమ్మ నీలవేణినే అడిగింది. "మేమొచ్చి మాట్లాడితే నువ్వు మా దానివని దుకాణం మొత్తానికి తెలుస్తది. రావాల్నా, వద్దా?" నీలవేణి రెండు రోజులు ఆలోచించుకుంది. మూడోరోజు వచ్చి "రండక్కా" అంది.

ఆ ముచ్చట నేను కళ్ళారా చూడలేదు, తిరిగొచ్చి వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఆరుగురు వెళ్ళారు. చప్పట్లు కొట్టొద్దు, గొంతు లేపొద్దు అని యాకమ్మ ముందే గట్టిగా చెప్పింది. మర్యాదగా చెప్పులు విడిచి, తెల్ల పరుపు మీద వరుసగా కూర్చొని, పట్టుచీరలు చూపించమన్నారు. పెళ్ళిళ్ళ రోజులు. గుమ్మం దాకా వచ్చిన బేరాలు వీళ్ళను చూసి వెనక్కి మళ్ళుతున్నాయి. గంట సేపు ఒక్కో చీర విప్పించి, అంచు చూసి, రంగు బాగుందని మెచ్చుకుని, ఇంకోటి అడిగారు. యజమాని చెమటలు తుడుచుకుంటూ తానే వచ్చి ఏం కావాలన్నాడు.

"మా పిల్ల నీ దగ్గర పనిచేస్తది అన్నా. పొద్దుందాక ఒంటికి పోకుండ ఉంటది. పైన మీ ఇంటోళ్ళకని తాళమేసిన బాత్రూం ఉందట. ఆ తాళం దానికిస్తవా, ఇంకో బీరువ తెరుస్తవా?" అంది యాకమ్మ.

రెండేళ్ళుగా దొరకని తాళంచెవి రెండు నిమిషాల్లో దొరికింది. అన్యాయంగా అనకూడదు కదా, లేచేముందు ఒక చీర కొన్నారు కూడా. ఆ పూట ఆ యజమానికి నా పట్టీ చుట్టి చూడాలని నాకెంత కోరికగా ఉండిందో చెప్పలేను. జాలితో మాత్రం కాదు.

ఆ వారమే నా పని అయిపోయింది. పాదరసం విషం, గాజు పగిలితే ప్రమాదం, ఇలాంటివి ఇక వాడొద్దని పైనుంచి కాగితం వచ్చింది. నా డబ్బా చుట్టూ టేపు వేసి, హానికరమైన చెత్త అని చీటీ అంటించి, బండి వచ్చేదాకా బీరువా మీద పెట్టారు. పరవాలేదు. టేపు సరిగ్గా అంటుకోక మూత కొంచెం తెరుచుకొనే ఉంది. గది కనిపిస్తోంది.

ఈరోజు శుక్రవారం. పొద్దున తొమ్మిదింటికే నీలవేణి వచ్చింది. సుజన గోలీల పట్టీలు రెండు ఆమె చేతిలో పెట్టి, ఏది ఎప్పుడు వేసుకోవాలో, కాలు వాచినా ఆయాసం వచ్చినా ఎక్కడికి పరుగెత్తాలో రెండుసార్లు చెప్పింది. తర్వాత అక్కడున్నవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. మొదటి గోలీ వేసుకునే పిల్లకు తోడుగా ఒక్కొక్కరూ తాము ఎలా మొదలుపెట్టారో చెప్పాలని, దాచకుండా చెప్పాలని నియమం పెట్టుకున్నారు. దీని గురించి కూడా వెటకారంగా ఏదో ఒకటి అందామనే చూస్తున్నాను.

"రేష్మ. పదిహేడేండ్లకు. రోజుకు పది గోలీలు. పచ్చకామెర్లొచ్చినయ్."

"గౌరి. ఇరవై ఏండ్లకు. ఎవరో ఇంజక్షన్ ఇచ్చిండు, ఏందో తెల్వదు. గడ్డకట్టి చీమువట్టింది. కోసి తీసిండ్రు."

యాకమ్మ వంతు వచ్చింది. "యాకమ్మ. పంతొమ్మిదేండ్లకు. పన్నెండు గోలీలు. ఈ కాల్ల రక్తం గడ్డకట్టింది." ఆ కాలు చేత్తో పట్టుకొని పక్కకు సర్దుకుంది. "ఇంకో పేరు కూడ నేనే చెప్పాలె. ముంతాజ్. ఇరవై రెండేండ్లకు. నన్ను చూసి, నేనేసుకున్నన్నే ఏసుకున్నది. గడ్డ గుండెలకు వోయింది. ఆటోలనే పానం పోయింది, నా ఒడిల."

అందరూ నీలవేణి వైపు తిరిగారు. ఆమె గోలీ అరచేతిలో పట్టుకొని, పాఠం అప్పజెప్పేదానిలా నిటారుగా కూర్చుంది.

"నీలవేణి. ఇరవై నాలుగేండ్లకు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. డాక్టరమ్మ రాసిచ్చింది."

ఆ వరుసలో అలా చెప్పిన మొదటి మనిషి ఆమే. చెప్పేసి, ఇంకా ఏమైనా చెప్పాలేమోనని అందరి మొహాలూ చూసింది. చెప్పడానికి ఇంకేమీ లేదు. యాకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇగ మింగు బిడ్డా" అంది. "దుకాణానికి టైమైతుంది."