కలువ మొగ్గ చెంచా

పాత సామాన్ల బజారులో ఆమెను అందరూ చెంచాలక్క అంటారు. వెండి పూత చెంచా ఏది చేతికిచ్చినా, కాడ మీది నగిషీ చూసి అది ఏ రకమో, ఏ కాలం నాటిదో ఇట్టే చెప్పేస్తుంది.

ఓ మధ్యాహ్నం వీధి చివరి దర్జీ చెంచాల పెట్టె పట్టుకొచ్చాడు. వాళ్లమ్మ పోయాక బీరువాలో దొరికిందట. తాళంచెవి కనబడక ఆ పొద్దునే తాళం పగలగొట్టాడు. ఒక చెంచా తక్కువైంది, మిగతావాటికి జోడు కావాలన్నాడు.

చెంచాలక్క భూతద్దం తీసింది.

"కలువ డిజైన్లు బోలెడున్నాయి తమ్ముడూ. పువ్వు విచ్చుకుంటే ఒక రకం, కాడకి ముడి ఉంటే ఇంకో రకం. ఇది మొగ్గ. కింద రెండాకుల్లో ఒకటి మడత పడింది, చూడు. ఇది నా దగ్గరుంది."

మాట్లాడుతూనే ఒక చెంచా దగ్గర ఆగిపోయింది.

"మీ ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరిది?"

"ఎవరిదీ కాదే. ఏం?"

"కుడిచేత్తో తింటే చెంచా కొసన ఎడమ పక్క అరుగుతుంది. అన్నీ అలాగే అరిగాయి. ఇదొక్కటే కుడి పక్క అరిగి, పూత పోయి ఇత్తడి బయటపడింది."

"ఎప్పటి అరుగుదలో అక్కా."

"ఎప్పటిదో అయితే ఇత్తడి నల్లబడేది. ఇది తళతళలాడుతోంది. నిన్నో మొన్నో దీంతో ఎవరో తిన్నారు."

దర్జీ మొహం పాలిపోయింది.

"నాకు కవల అన్న ఉండేవాడు. వాడిది ఎడమచేయి. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయాడు. అమ్మ ఆ రోజే ఈ పెట్టెకి తాళం వేసేసింది. మళ్లీ తెరవనేలేదు."

జోడు చెంచా కూడా పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి అతని భార్య వచ్చింది.

"అక్కా, ఆయన ఇప్పుడు ఆ అరిగిన చెంచాతోనే తింటున్నారు. అదీ ఎడమచేత్తో. కత్తెర కూడా ఎడమచేత్తోనే పడుతున్నారు. ఒక్క గుడ్డ వంకర పోతే ఒట్టు."

"ఆ చెంచా తెచ్చి నాకిచ్చెయ్యమ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది. "పెళ్లయ్యాక ఆయన కడుపునిండా తినడం ఇప్పుడే చూస్తున్నా. భయం వేస్తోంది, కాదనను. కానీ ఆ చెంచా లాక్కోవడానికి చేతులు రావట్లేదు."

చెంచాలక్కకి మనసు నిలవలేదు. మర్నాడే వాళ్ల కొట్టుకి వెళ్లింది. దర్జీ నీలం గుడ్డ మీద ఎడమచేత్తో సుద్దగీత గీస్తున్నాడు.

"ఎలా ఉన్నావ్ తమ్ముడూ?"

అతను తలెత్తి చిన్నపిల్లాడిలా నవ్వాడు. "తమ్ముడు పడుకున్నాడు. నేను వాళ్లన్నని. నువ్వెవరు?"

వెనక గదిలోంచి దర్జీ భార్య భోజనానికి పిలిచింది. అతను చేతికంటిన సుద్ద దులుపుకుని లేచాడు.

"వాడికి కూడా కాస్త ఉంచు" అంటూ లోపలికి వెళ్లాడు.