తుడవని వేలు

రోప్‌వే పై స్టేషన్‌కి బదిలీ అయిందన్న కబురు వచ్చేసరికి కొత్త పెళ్ళికూతురు మైకులో మాట్లాడుతోంది. "తలుపులకు ఆనుకోవద్దు, పిల్లల చెయ్యి వదలొద్దు" అని రోజూ చెప్పే మాటే చెబుతూ, బల్ల మీద ఫోనులో వెలిగిన సందేశం చదివి, "పిల్లలకు ఆనుకోవద్దు, తలుపుల చెయ్యి వదలొద్దు" అనేసింది. వరసలో ఉన్న ప్రయాణికులు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, మైకు కట్టేయడం మరిచిపోయి. ఆ నవ్వు టికెట్ల గది దాకా వినిపించింది.

నవ్వదా మరి? ఆమె పని కొండ కింద, రోప్‌వే బయలుదేరే చోట. ఆమె మొగుడు మెకానిక్కు. అతనుండేది కొండ పైన, తీగను తిప్పే పెద్ద చక్రం దగ్గర. పెళ్ళయిన నాటి నుంచీ వాళ్ళ కాపురం ఆ తీగ మీదే వేలాడుతోంది. పొద్దున క్యాబిన్‌లో అన్నం డబ్బా పైకి వెళ్ళేది. సాయంత్రం ఖాళీ డబ్బాలో ఏ కొండపువ్వో, ఓ చిలిపి చీటీయో కిందికి వచ్చేది. మీది కాపురమా, కొరియర్ సర్వీసా అని తోటివాళ్ళు ఏడిపించేవారు. ఇప్పుడు పైన కంట్రోల్ రూములోనే ఆపరేటరు ఉద్యోగం, పక్కనే రెండు గదుల క్వార్టర్సు. మెలిక ఒక్కటే. కొన్నాళ్ళు పని చూస్తారు. కుదిరితే ఉంచుతారు, లేకపోతే మళ్ళీ కిందికే. కుదరకపోవడానికి ఏముంది అనుకుని ఆమె పెట్టె సర్దుకుంది.

మొదట్లో అంతా ముద్దుగానే గడిచింది. అంత ఎత్తున గాలి మామూలుగానే పొడి. పైగా యంత్రాలు వేడెక్కకూడదని కంట్రోల్ రూములో ఏసీ ఆగకుండా ఆడుతుంది, ఉన్న కాస్త తేమనూ జుర్రేస్తుంది. తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున చిన్న షాకు. స్వెట్టర్ విప్పితే చిటపట. మొగుడి చెంప మీద వేలు వేస్తే ఇద్దరూ ఉలిక్కిపడి చెరో గోడకీ అతుక్కున్నారు. పెళ్ళిలో బాణసంచా లేదని అలిగావుగా, ఇదిగో అన్నాడు అతను. ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వుకే పెదవి పగిలింది.

అక్కడి నుంచి చర్మం పేచీ మొదలెట్టింది. చెంపలు బిగుసుకుపోయాయి. మోచేతులు గీరితే గీత పడుతోంది. ఇవన్నీ ఓర్చుకునేదే గానీ, వేళ్ళు మొండికేశాయి. ప్యానెల్ పక్కన వేలిముద్ర యంత్రం ఒకటి ఉంది. ఆపరేటరు దాని అద్దం మీద వేలు పెట్టి, పచ్చ దీపం వెలిగాకే తీగ కదులుతుంది. ఎండిపోయిన వేలి గీతలు ఆ అద్దానికి ఆనవు. ఈమె పెట్టినప్పుడల్లా ముందు ఎర్ర దీపమే. ఈమె ఎంత కంగారు పడితే అదంత నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది.

యంత్రం మీద మేనేజరు స్వయంగా అంటించిన కాగితం ఉంది: వేలిని స్పిరిట్‌తో తుడుచుకుని పెట్టవలెను, క్రీములు, నూనెలు నిషిద్ధం. కాలేజీలో ఒక్క ప్రశ్న వదలకుండా జవాబు రాసిన పిల్ల కదా, ఆ కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. ఎర్ర దీపం రాగానే తుడుచుకునేది. మళ్ళీ పెట్టేది, మళ్ళీ తుడుచుకునేది. పక్క కుర్చీలో సీనియర్ ఆపరేటరు, అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన, తానూ తుడుచుకునేవాడు. తరవాత ముక్కు పక్కన తాపీగా గోక్కుని వేలు పెట్టేవాడు. ఆయనకెప్పుడూ పచ్చదీపమే. ఎంత స్థిమితం ఉన్న మనిషో అని ఆమె ముచ్చటపడేది.

ఓ పొద్దున ఎర్ర దీపం ఎంతకీ వదల్లేదు. క్యాబిన్లో జనం కూర్చుని కిటికీలు కొడుతున్నారు. చివరికి బాబాయి వేలు పెడితే గానీ తీగ కదల్లేదు. సంగతి విని మేనేజరు పైకి వచ్చాడు. కేకలు వేయలేదు, అంతకన్నా ఘోరంగా జాలిపడ్డాడు.

"ఈ కొండ అందరికీ పడదమ్మా. సుకుమారంగా పెరిగినవాళ్ళకి అసలే పడదు. వచ్చే వారం మొదటి క్యాబిన్ నా ఎదురుగా నడుపు. వేలు పట్టిందా సరే. లేదా, కింద నీ మైకు ఎక్కడికీ పోలేదు."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తెలిసింది. క్వార్టర్సుకి వెళ్ళి, పొగలు కక్కే నీళ్ళతో స్నానం చేసి, కడుపులో గలగలమనేలా నీళ్ళు తాగి, ఆడపడుచుకి వీడియో కాల్ చేసింది. ఆమెది విమానంలో ఉద్యోగం. ఎత్తు, ఏసీ, పొడిగాలి, మూడూ కలిపి ఆమెకు రోజూ వడ్డిస్తారు.

"వదినా, ఏంటా మొహం? మా అన్నయ్య నిన్ను ఎండబెట్టి దాచుకుందామనుకుంటున్నాడా?" అంది ఆడపడుచు.

ఆ తరవాత నవ్వకుండా చెప్పింది. నీళ్ళు తాగడం మంచిదే గానీ, తాగినవన్నీ వేలి చివరకి పరుగెత్తవు. పొగలు కక్కే నీళ్ళు ఒంటి జిడ్డును కడిగేస్తాయి, స్పిరిట్ మిగిలిన ఆ కాస్తా ఊడ్చేస్తుంది. గోరువెచ్చని నీళ్ళు పోసుకో, గట్టిగా తుడుచుకోకు, తడి ఆరకముందే చిక్కటి క్రీము రాయి, వేళ్ళకు పైన పెట్రోలియం జెల్లీ పట్టించు. ఆరిన చర్మానికి రాస్తే తాళం వేశావు గానీ ఇంట్లో సామానేదీ అంది. పడుకునేటప్పుడు నూలు చేతి తొడుగులు వేసుకోమంది. అవి లేవని చెబితే, మెకానిక్కు పెళ్ళానికి చేతి తొడుగులు లేవా అని ఫోను పెట్టేసింది.

మెకానిక్కు కొత్త జత తెచ్చాడు. అవి అతని చేతుల కొలతవి. వాటిని తొడుక్కుని మంచం మీద కూర్చుంటే ఆమె కుస్తీకి దిగేదానిలా ఉంది. "నాతోనే అయితే ముందే ఓడిపోయాను," అన్నాడతను. ఆ చేతులతో ఆమె అతని బుగ్గలు రెండూ పట్టుకుంది. ఈసారి చిటుక్కుమనలేదు.

కంట్రోల్ రూములో కూడా పద్ధతి మార్చేసింది. ఏసీ గాలి నేరుగా మొహానికి కొట్టకుండా కుర్చీ జరిపింది. యంత్రాలకు దూరంగా, కిటికీ దగ్గర తడి తువ్వాలు ఆరేసింది. చేతులు కడిగినప్పుడల్లా, చెమ్మ ఉండగానే డబ్బాలోంచి కాస్త క్రీము రాసుకుని, అది ఇంకాకే ప్యానెల్ ముట్టుకునేది. స్పిరిట్‌తో వేలికి బదులు అద్దాన్ని తుడిచింది. పచ్చ దీపం వెలిగింది. ఏదో పొరపాటున వెలిగి ఉంటుందని మళ్ళీ పెట్టి చూసింది. మళ్ళీ పచ్చే. అంత చిన్న దీపం అంత అందంగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆ వారంలో ఎర్ర దీపం మొహమే చూడలేదు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం, చివరి క్యాబిన్ కిందికి వెళ్ళబోయే ముందు మేనేజరు వచ్చాడు. మెకానిక్కు గడపలో చేతులు తుడుచుకుంటున్నాడు. మేనేజరు తువ్వాలు చూశాడు. బల్ల మీద క్రీము డబ్బా చూశాడు.

"ఇది కంట్రోల్ రూమా, బ్యూటీ పార్లరా?"

"కంట్రోల్ రూమే సర్. వారం నుంచి ఒక్క క్యాబిన్ కూడా నా వేలి కోసం ఆగలేదు," అంది ఆమె.

ఆయన ఆ మాట పక్కకు నెట్టేశాడు. కాగితం మీద ఏముందో చదవమన్నాడు. రేపు తన ఎదురుగా స్పిరిట్‌తో తుడుచుకుని, వట్టి వేలు పెట్టాలన్నాడు. అలా పెట్టలేనివాళ్ళు కిందికి దిగాల్సిందేనన్నాడు.

వట్టి వేలు పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఎర్ర దీపం, కింద మైకు, మళ్ళీ తీగ మీద కాపురం. మొగుడి వైపు చూసింది. అతను తుడుచుకోవడం ఆపాడు. ఇంతలో బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"సర్, నా వట్టి వేలికీ అది పలకదండీ. తుడుచుకున్నాక ముక్కు పక్కన జిడ్డుకి రాసి పెడతాను. ఇంకో షిఫ్టు వాడు వేలిని నెత్తి నూనెకి రాస్తాడు. ఇక్కడందరిదీ అదే కథ."

ఆమె నోరు తెరుచుకుంది. స్థిమితం అనుకున్నది జిడ్డా అని నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"అయితే సర్, దొంగచాటుగా రాసుకుంటే రూలు, బాహాటంగా రాసుకుంటే తప్పా? నా చర్మం సుకుమారమని దించుతానన్నారు. ఇక్కడ ఎవరి చర్మం బాగుంది? మీ పెదవి చూసుకోండి, మాట్లాడుతుంటేనే పగులుతోంది. ఇది నా వేలు. దీన్ని ఎండబెట్టుకుని మిమ్మల్ని మెప్పించను."

మేనేజరు పెదవి తడుపుకోబోయి ఆగిపోయాడు. "రూలు నేను మార్చను," అన్నాడు.

"మార్చొద్దు. నేను పాటించను. దించాలంటే కారణం కాగితం మీద రాసివ్వండి, క్రీము రాసుకుంది, క్యాబిన్లు ఆగలేదు అని."

మెకానిక్కు లోపలికి వచ్చి, గ్రీజు అంటని చేత్తో డబ్బా మూత తీసి, తన వేళ్ళకు కాస్త రాసుకుని, డబ్బాను బాబాయి ముందుకు జరిపాడు. బాబాయి కళ్ళజోడు సర్దుకుని ఒక వేలు ముంచాడు.

చివరి క్యాబిన్‌లో జనం కూర్చున్నారు, కింద సిబ్బంది దాని కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె మైకు అందుకుంది. ఈసారి అది ఆన్‌లో ఉందని ఆమెకు బాగా తెలుసు. రెండు స్టేషన్లకూ కలిపిన ఆ మైకు కింద టికెట్ల గది దాకా వినిపిస్తుందని కూడా తెలుసు. మేనేజరు కళ్ళలోకి చూస్తూనే, తలుపులకు ఆనుకోవద్దని చెప్పే గొంతుతో చెప్పింది:

"ప్రయాణికులకు, సిబ్బందికి గమనిక. రేపు పొద్దున మొదటి క్యాబిన్ పై స్టేషన్ నుంచి నేనే నడుపుతాను. అద్దం తుడుస్తాను. వేలు తుడవను."