చిరగని బ్యాగు

గుడ్డ నేసేవాళ్ళు గుడ్డ అమ్మేవాణ్ణి నమ్మరు. హేమనాథ్ ఆర్.కె.పేట మగ్గాల ఇంట పుట్టినవాడు. కొండదారుల్లో సైకిలు తొక్కే పిచ్చితో, సీటు కింద కట్టే బ్యాగు కోసం తిరువళ్ళూరులో ఒక సైకిల్ షాపుకు వెళ్ళాడు.

"ముల్లు గీరినా చినగదన్నా," అన్నాడు షాపాయన మురళీధరన్.

"అమ్మేవాళ్ళంతా అట్లే చెప్తారు."

హేమనాథ్ బ్యాగును వెలుతురుకు పట్టి నేత చూశాడు. తడివేలితో రుద్ది రంగు చూశాడు. అంచున ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి వాసన చూశాడు.

"ఏందన్నా ఇది, కొనకముందే కాలుస్తా ఉండారు?"

"కొన్నాక కాల్చి ఏం లాభం?"

ఏ తప్పూ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. అయినా కొన్నాడు.

ఆదివారం తిరుత్తణి కొండ వెనక రాళ్ళదారిలో తిరిగి ఇంటికొచ్చేసరికి సీటు కింద బ్యాగు లేదు. విరిగిన ప్లాస్టిక్ బకిల్ ముక్క ఒకటి సీటుకు చుట్టిన పట్టీకి వేలాడుతోంది.

"వాడు మోసగాడని నేను అప్పుడే అనుకుంటిని!" అని అరిచాడు.

అక్క రంజని ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. "గుడ్డను కాల్చి మరీ చూసినావే, దీన్ని ఒకసారి లాగి చూసినావా?"

హేమనాథ్ ఆ ముక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గుడ్డ మాత్రం చినిగుండదు," అన్నాడు చివరకు.

"చినగదులే. యాడో రాళ్ళలో కొత్తదిగానే పడుండాది."