పేజీ కుర్చీ

శ్రీలేఖ ఆ శనివారం చంకలో పుస్తకం పెట్టుకుని వచ్చిందంటే ఎవరి కొంప ముంచడానికి వచ్చిందో గదిలో అందరికీ అర్థమైంది, ఒక్క మనీషాకి తప్ప. మనీషా తన కుర్చీలో కూర్చుని ఫోనులో పేజీలు తిరగేస్తోంది. పక్కన పిడుగు పడ్డా పేజీలోంచి తల ఎత్తే రకం కాదు. ఆమె గొప్పా అదే, ఆమె ఖర్మా అదే.

ముందు ఆ కుర్చీ సంగతి చెప్పుకోవాలి. శామీర్‌పేటకీ జవహర్‌నగర్‌కీ మధ్య ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో శనివారం మధ్యాహ్నం క్లాసులయ్యాక అనిమే క్లబ్బు వాళ్ళు మూడో అంతస్తు ల్యాబులో చేరతారు. జపాను వాళ్ళ బొమ్మల సీరియల్ ఏదో ఒకటి వేసుకుని, ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ చూస్తారు. ఇంతవరకూ ఏ కాలేజీలోనైనా ఉన్నదే. ఇక్కడి పద్ధతి మాత్రం వేరు. తెర పక్కన ఒక కుర్చీ వేస్తారు. ఆ సీరియల్‌కి మూలమైన బొమ్మల పుస్తకం, అంటే మాంగా, అచ్చుదో ఫోనులోదో ఒళ్ళో పెట్టుకుని ఒకరు ఆ కుర్చీలో కూర్చుంటారు. తెర మీద కథ పుస్తకం దారి తప్పిన చోటల్లా చెయ్యెత్తుతారు. చెయ్యి లేచిందంటే క్లబ్బు నడిపే భానుతేజ ల్యాప్‌టాప్ ఆపాల్సిందే, ఎంత రంజైన ఘట్టమైనా సరే. కుర్చీలో ఉన్న మనిషి తేడా ఏమిటో చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి, ఆ మార్పు బాగుందా చెడిందా అని కాసేపు కొట్టుకోవాలి, ఆ తర్వాతే బొమ్మ కదలాలి. దానికి పేజీ కుర్చీ అని పేరు.

ఆ పద్ధతి తెచ్చింది మనీషాయే. ఎక్కడి నుంచో కాదు, జవహర్‌నగర్‌లో వాళ్ళ చర్చి నుంచి. వాళ్ళ అవ్వ గంగమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ బైబిల్లో సగం నోటికి వచ్చు. ఆదివారం ఎవరు వాక్యం చదువుతున్నా ముందు వరసలో కూర్చుని వింటుంది. ఒక్క మాట జారిపోయిందా, చెయ్యి పైకి లేపుతుంది. చదివేవాళ్ళు ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదవాలి. ఒకసారి సొంత కొడుకు ఇస్సాకు చదువుతుంటే కూడా లేపింది. ఇంటికొచ్చాక ఆయన మొహం మాడ్చుకుంటే, "సొంతోడైనా పగోడైనా సదువు తప్పితె తప్పే బిడ్డా. ఎర్కుండి సెయ్యి లేపకుంటె ఆ పాపం నాకు సుట్టుకుంటది" అంది. మనీషా ఆ మాట వింటూ పెరిగింది.

అందుకే ఆ కుర్చీ ఆమెకి ఉత్త కుర్చీ కాదు. కాలేజీలో మిగతా చోట్ల ఆమె డంపింగ్ యార్డు పిల్ల. ఊరి చెత్తంతా తెచ్చి పోసే గుట్ట తన ఇంటి వెనకాల ఉండటం ఆమె చేసిన నేరమైనట్టు, బస్సులో ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడేవాళ్ళున్నారు. క్లాసులో ఆమె నోరు తెరిస్తే వినే నాథుడు లేడు. అదే ఆ కుర్చీలో కూర్చుని చెయ్యెత్తితే గది గదంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. వారానికి ఒక్క పూట ఆమె మాట కోసం అందరూ ఆగుతారు. అది కాస్తా పోతే ఆ కాలేజీలో ఆమెకి ఇంకేమీ మిగలదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. శ్రీలేఖకి అంతకన్నా బాగా తెలుసు.

శ్రీలేఖది బౌరంపేట్‌లో గేటెడ్ కమ్యూనిటీ. సొంతూరు భీమవరం దగ్గర. నాన్న ఉద్యోగం మీద ఇటు వచ్చి ఇల్లు కొనుక్కున్నారు. చెడ్డపిల్ల అనలేం గానీ, ఇంటికి గేటుంది, నోటికి లేదు. మొదటి సంవత్సరంలో ఒకరోజు గాలి గుట్ట వైపు నుంచి తిరిగింది. శ్రీలేఖ ముక్కు మూసుకుని, "కిటికీ వేసెయ్యండి బాబూ, మనీషా వాళ్ళింటి గాలి వస్తోంది" అంది. అందరూ నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, మనీషాకి ఆ మాటకన్నా ఆ నవ్వు ఎక్కువ కాలింది. మాట మాత్రం మనసులో దాచుకుంది.

కసి తీరే రోజు రానే వచ్చింది. ఈ మధ్య క్లబ్బులో వేస్తున్న సీరియల్ ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ. కొండల్లో ఒక ఊరు. తాళ్ళ వంతెన తెగిపోతుంటే అక్క సాయో, చెల్లెలు కినూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వేలాడతారు. చెల్లెలు లోయలో పడిపోతుంది. ముందు చెయ్యి వదిలింది ఎవరన్నదే కథకంతటికీ ఆయువుపట్టు. సీరియల్లో అక్క వేళ్ళు విడిపోవడం ముందు చూపించారు. పోయిన శనివారం అక్కడ మనీషా చెయ్యి లేచింది.

"ఇది అబద్ధం" అంది. "పుస్తకంల అక్క ఇడువలే. ముందుగాల చెల్లె చెయ్యి జారింది. అక్క అరచెయ్యి తెరిచి అందుకోవాల్నని జూస్తాంది. గీ సీరియలోళ్ళు అక్కను హంతకురాలిని జేసిన్రు. ఇంకే మార్పైన ఓర్చుకుంట గని ఇది పచ్చి ద్రోహం."

"నాకలా అనిపించలేదు" అంది శ్రీలేఖ. "అక్క వదిలేసింది కాబట్టే కదా ఆ క్షణంలో కళ్ళు గట్టిగా మూసుకుంది. సీరియలే కరెక్టు."

"నువ్వు పుస్తకం చదివినవా?"

"లేదు. అయితే ఏంటి?"

"చదవనోళ్ళకు తీర్పులెందుకు? తెర మీద రంగులు జూసి, పాటలు ఇని మురిసేటోళ్ళు ఊకె మురియుండ్రి. నువ్వు గా కిటికీకాడ కూసోని గాలి యాడికెళ్ళి వస్తాందో జెప్పు. గది నీకు మంచిగొస్తది."

గది పగలబడి నవ్వింది. ఈసారి నవ్వు మనీషా వైపు ఉంది. శ్రీలేఖ మొహం జేవురించింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది గానీ, కసి తీరేటప్పుడు ఊరుకునేదెవరు. "పేజీ తప్పు జెప్పినోళ్ళు కుర్చీ దిగాలె. నాది తప్పయితె పుస్తకం దెచ్చి జూపియ్యి, దిగుత" అని సవాలు కూడా విసిరింది మనీషా. భానుతేజ ఆ మాటని అక్కడికక్కడే క్లబ్బు రూలు చేసేశాడు. తగవు తీర్చడం చేతకానివాడికి రూలు పెట్టడం మహా సరదా.

ఇదిగో, ఆ పుస్తకమే ఇప్పుడు శ్రీలేఖ చంకలో ఉంది. కథ మొత్తం ఒకటే దళసరి పుస్తకం. బెంగుళూరులో ఉన్న బాబాయి చేత తెప్పించుకుంది.

"భానూ, అప్పుడే వెయ్యకు" అంది. "ముందు వంతెన సంగతి తేలాలి."

అప్పుడు తలెత్తింది మనీషా. శ్రీలేఖ తిన్నగా వచ్చి, గుర్తు పెట్టుకున్న చోట తెరిచి, పుస్తకాన్ని ఆమె ఒళ్ళో పడేసింది.

"చెప్పు, ఏముందో. గట్టిగా, అందరికీ వినపడేలా."

జపాను పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది మనీషాయే. రెండు పేజీల మీదా పరుచుకుని ఒకటే బొమ్మ. ఒక్క మాట లేదు. కుడి పేజీలో అక్క వేళ్ళు, ఒక్కొక్కటే విడిపోతున్నాయి. ఎడమ పేజీలో, కింద, ఖాళీ చేత్తో చెల్లెలు.

మనీషా ఫోను చూసింది. ఫోనులో అదే బొమ్మ రెండు ముక్కలుగా ఉంది. ముందు చెల్లెలు, వెనక అక్క. ఎవరో పుస్తకాన్ని స్కాన్ చేసి పెడితే, పేజీలు చూపించే యాప్ ఆ వెడల్పు బొమ్మని నడిమికి చీల్చి, మన పుస్తకాల్లో లాగా ఎడమ ముక్కని ముందు పెట్టింది. అందులో ఒక్క మాటున్నా మనీషా ఇట్టే పట్టేసేది. మాటల్లేవు, పట్టలేదు. అందరికీ కుడి ఎడమలు నేర్పిన పిల్ల తన ఫోను దగ్గరే బోల్తా పడింది.

అచ్చులో తప్పు పడిందని బుకాయించవచ్చు. ఒకళ్ళిద్దరు నమ్మేవాళ్ళు కూడా. కానీ పేజీ కళ్ళ ముందుంటే అబద్ధం చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"ముందుగాల అక్క చెయ్యి ఇడిసింది" అంది. "తర్వాత చెల్లె పడ్డది. సీరియల్ కరెక్టే. నాది తప్పు."

"వినపడలేదు."

"నాది తప్పంటున్న గద."

"ఇన్నాళ్ళూ మా అందరికీ తప్పుడు కథ చెప్పావన్నమాట" అంది శ్రీలేఖ. "దొంగ పేజీలు దించుకుని చదివే మొహానికి కుర్చీ ఒకటి. పైగా నన్ను చదవనిదాన్ని అంటావా? లే."

ఆ దొంగ పేజీల ఫైలుని క్లబ్బు గ్రూపులో పెట్టింది భానుతేజే. గదిలో సగం మంది ఫోనుల్లో ఉన్నదీ అదే. అందరూ ఆ ఫోనులు జేబుల్లోకి తోసేసుకున్నారు. భానుతేజ తేలు కుట్టిన దొంగలా ల్యాప్‌టాప్‌లోకి మొహం దూర్చాడు. వీళ్ళా తన మాట కోసం ఊపిరి బిగబట్టినవాళ్ళు అనుకుంది మనీషా. అసహ్యం వేసింది. లేచింది.

శ్రీలేఖ వెంటనే కూర్చోలేదు. బ్యాగులోంచి టిష్యూ తీసింది. కుర్చీ సీటు తుడిచింది, చేతులు ఆన్చే చోట తుడిచింది, ఆ టిష్యూని నలిపి కింద పడేసింది. అప్పుడు కూర్చుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అలాగని ఇదేం పని అని అడిగినవాళ్ళూ లేరు.

మనీషా వెనక వరసలో కిటికీ పక్కకి వెళ్ళి కూర్చుంది. ఏడిస్తే వాళ్ళకి పండగ, ఏడవకూడదు అనుకుని పళ్ళు బిగబట్టుకుంది.

ఎపిసోడ్ మొదలైంది. శ్రీలేఖ కాసేపటికే దర్జాగా చెయ్యెత్తింది. "సీరియల్లో అక్క కోటు ఎర్రది. పుస్తకంలో నల్లగా ఉంది."

"పుస్తకమంతా నలుపూ తెలుపే కదా" అన్నాడు హర్ష అనే కుర్రాడు, ముందు వరసలోంచి. కిసుక్కుమన్నారు ఎవరో. శ్రీలేఖ అతని వంక ఉరిమి చూసి పేజీ తిప్పింది. పుస్తకం కొత్తది. వంతెన దగ్గర తప్ప ఎక్కడా మడత పడినట్టు లేదు.

తెర మీద అక్క ఒంటరిగా ఇల్లు చేరింది. తల్లి గుమ్మంలో ఎదురొచ్చింది, కూతుర్ని వాటేసుకుంది, సంగీతం పొంగింది. "నిన్ను క్షమించాను తల్లీ" అంది. ముందు వరసలో అమ్మాయిలు కళ్ళు ఒత్తుకున్నారు. శ్రీలేఖ కూడా ఒత్తుకుంది. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

పుస్తకంలో ఆ తల్లి ఒక్క మాట మాట్లాడదు. దగ్గరికి తీసుకోదు. రెండు గిన్నెల్లో అన్నం పెడుతుంది. చెల్లెలి గిన్నె తెచ్చి అక్క ముందు పెడుతుంది. అంతే, పేజీ అయిపోతుంది. క్షమించిందో, జన్మంతా క్షమించదో చెప్పదు. ఆ పేజీ చూసిన రోజు మనీషాకి ముద్ద దిగలేదు. వంతెన దగ్గర సీరియల్ వాళ్ళు చెయ్యని ద్రోహం ఇక్కడ చేశారు. కథ ప్రాణమే తీసేశారు.

ఆమె అనుకుని ఎత్తలేదు. చెయ్యి దానంతటదే లేచింది.

భానుతేజ వేలు కూడా అలవాటు కొద్దీ మీట నొక్కేసింది. తెర మీద తల్లి నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. గది గదంతా వెనక్కి తిరిగింది. ఊపిరి బిగబట్టి.

"ఏంటి?" అంది శ్రీలేఖ.

మనీషా నోటి దాకా వచ్చింది మాట. గిన్నెలు, అన్నం, మాట్లాడని తల్లి, అంతా నాలుక చివర ఉంది. చెప్తే ఈ క్షణాన గది మళ్ళీ తనదే. చెప్పకపోతే పాపం చుట్టుకుంటుందన్న అవ్వ మాటా గుర్తొచ్చింది. కానీ కుర్చీ కింద నలిగిన టిష్యూ కనిపించింది.

"ఏం లే" అంది. "చెయ్యి గుంజుతాంది, లేపిన. నడువనియ్యి."

"కాదు, ఏదో ఉంది. చెప్పు మనీషా."

"కుర్చీల కూసున్నది నువ్వు గద. నువ్వే జెప్పాలె. పుస్తకం నీ ఒళ్ళెనే ఉంది."

భానుతేజ మీట మీద వేలు పెట్టి మళ్ళీ తీసేశాడు. బొమ్మ వెయ్యమని ఎవరూ అడగలేదు. అందరూ శ్రీలేఖ చేతుల వంకే చూస్తున్నారు. ఆమె ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది, మెడ మీద ఎర్రగా పొడలు లేచాయి. మనీషాకి కడుపు చల్లబడింది. ఆ చల్లదనం వెనకాలే ఏదో కలుక్కుమంది కూడా. పాపం చుట్టుకుంటే చుట్టుకోనీ అనుకుని, ఎత్తిన చేతిని దించి రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. శ్రీలేఖ కంగారులో పేజీల్ని తెలుగు పుస్తకంలా తిప్పుతోంది. ఎంత తిప్పితే అంత వెనక్కి పోతోంది. గదిలో ఆ సంగతి గమనించింది మనీషా ఒక్కతే. ఆమె చెప్పలేదు.