మర్జాన్ కంటిపొర

పాముకి కుబుసం ఊడటం లేదని నాలుగో అంతస్తు ఐచురోక్ వచ్చి చెప్పినప్పుడు ఎసెన్‌కుల్‌కి మొదట కలిగింది సంతోషం. ఆ తర్వాతే పాము మీద జాలి.

ఎందుకంటే గత ఏడేళ్ళలో ఆయన్ని ఎవరూ ఏ విషయమూ అడగలేదు. పాముల విషం తీసే కేంద్రంలో ఇరవయ్యారేళ్ళు పనిచేసిన మనిషి. కుడి చూపుడువేలు వంగదు; ఒక రక్తపింజరి ఇచ్చిన పింఛను అది. ఆ కేంద్రం మూతబడింది. భార్య పోయింది. మిగిలింది కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఒక పాత అయిదంతస్తుల భవనం, రెండో అంతస్తులో ఒక గది, వాకిట్లో బెంచీ మీద పక్కన కూర్చునే జపార్. లారీ డ్రైవరుగా రిటైరైన జపార్‌కి ఎసెన్‌కుల్‌ని ఏడిపించడమే కాలక్షేపం. "నీ పాములకీ నీకూ ఒకేసారి కోరలు పీకేశారుగా" అంటాడు.

ఐచురోక్‌కి ఇరవైతొమ్మిదేళ్ళు. కుట్టు కార్ఖానాలో పని. మూడేళ్ళ క్రితం మొగుడి ఇంట్లోంచి ఒక సూట్‌కేసు, ఒక గాజు పెట్టె పట్టుకుని బయటికొచ్చింది. గాజు పెట్టెలో మర్జాన్ ఉంది. విషం లేని పాము, జెర్రిపోతు జాతి, చేతి పొడవుకి కాస్త ఎక్కువ, పగడం రంగు మచ్చలు. అత్తగారు దాన్ని మంచులోకి విసిరెయ్యమంది. ఐచురోక్ దాన్ని పట్టుకుని తనే మంచులోకి నడిచింది. ఈ కథ భవనంలో అందరికీ తెలుసు. ఆ పిల్లకి తనదంటూ ఉన్న ప్రాణి అదొక్కటే అని కూడా తెలుసు.

జనవరి. బయట నీళ్ళు విసిరితే గడ్డకట్టే చలి. లోపల వెచ్చదనానికి గోడవార గొట్టాల్లో మరిగే నీళ్ళు. గదుల్లో గాలి ఎంత పొడిగా ఉందంటే పెదాలు పగులుతున్నాయి. మర్జాన్ కుబుసం ముక్కలుముక్కలుగా చిరిగి ఒంటికి అతుక్కుపోయింది. తోక చివర బిగుసుకున్న పొర దారం కట్టినట్టు నొక్కేస్తోంది. రెండు కళ్ళ మీదా తెల్లటి పొర. పాముకి కనురెప్పలుండవు; కంటిని కాచే పలుచటి పొర ఉంటుంది, కుబుసంతో పాటు దాని పైపొరా ఊడాలి. నాలుగు రోజులుగా అంతే.

పశువుల డాక్టర్ల దగ్గరికి తిప్పిందట. కుక్కలు, గొర్రెలు తప్ప తెలియదన్నారట. ఫోన్‌లో చదివిందట: గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డ సంచిలో పెట్టి ఉంచమని, దానంతట అది పాకి విడిచేదాకా ఆగమని, కళ్ళ జోలికి మాత్రం...

"ఫోన్ పాముని ఎప్పుడైనా పట్టుకుందా?" అన్నాడు ఎసెన్‌కుల్.

ఆమె నోరు మూసుకుంది. తెల్లగడ్డం పెద్దమనిషి మాట్లాడుతుంటే అడ్డు చెప్పేలా పెంచలేదు ఆమెని తల్లి.

ఆయన వంటింట్లోంచి గొర్రె తోక కొవ్వు డబ్బా తీశాడు. దగ్గుకీ అదే, కాలిన గాయానికీ అదే, పగిలిన మడమకీ అదే. కేంద్రంలో పాముల ఒంటికీ అదే రాసేవారు. వేలి మీద కరిగించి మర్జాన్ ఒళ్ళంతా పట్టించాడు. అరగంట ఆగి చూశాడు. పొర మెత్తబడలేదు, కొవ్వు పట్టి ఇంకా గట్టిగా అంటుకుంది. ఐచురోక్ ఏదో అనబోయి ఆగింది. ఆయన అది చూశాడు. చూసి, వేగం పెంచాడు.

గోటితో పట్టి లాగాడు. వీపు మీది పొర వచ్చింది. పొట్ట మీదిది వచ్చింది. తోక చివరి బిగువు ఊడింది. పాము మెలికలు తిరుగుతోంది, ఆయన పట్టు సడల్లేదు. ఆ చేతులకి వయసు రాలేదు. కుడికంటి పొర చిన్న చొక్కా గుండీలా ఊడి బల్ల మీద పడింది. ఐచురోక్ ముఖంలో మొదటిసారి వెలుగు.

ఎడమకన్ను మొండికేసింది.

"పెద్దయ్యా, దాన్ని ఇవాల్టికి వదిలేస్తే..." అంది ఆమె, చాలా మెల్లగా.

"ఇరవయ్యారేళ్ళు చేశానమ్మాయ్."

పట్టకారు తీసుకున్నాడు. అంచు దొరికింది. లాగాడు. ఏదో తెగింది. ఆ తెగడం చెవికి వినబడలేదు, వేళ్ళకి తెలిసింది. పాము బుస్సుమని ముడుచుకుపోయింది. కంటి దగ్గర ఒక నీటిబొట్టు ఉబికింది. ఆయన దాన్ని బొటనవేలితో తుడిచేశాడు.

"పాత పొర కాస్త మిగిలింది. వచ్చే కుబుసంతో అదే పోతుంది" అన్నాడు.

ఆమె తల వంచి కృతజ్ఞతలు చెప్పింది.

మర్నాటికి ఈ సంగతి భవనమంతా పాకింది. జపార్ సైతం బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. మూడో అంతస్తు వాళ్ళు తమ తాబేలు తిండి తినడం లేదని వచ్చి అడిగారు. ఎసెన్‌కుల్ సమాధానాలు చెప్పాడు. గదిలోకి వెళ్ళాక మాత్రం ఒకే ప్రశ్న. కేంద్రంలో ఇలా ఎన్ని కళ్ళు పీకి ఉంటాను?

ఎంత వెతికినా గుర్తు రాలేదు. అసలు అక్కడ పాము కళ్ళు చూసిందెవరు? కోరలు చూశారు, గాజు అంచు మీద జారే పసుపు విషం చుక్క చూశారు. నెల, రెండు నెలలు; పాము చచ్చేది, వేటగాళ్ళు ఇంకో పెట్టె తెచ్చేవారు. ఆయన చేతిలో ఏ పామూ రెండో కుబుసం దాకా బతకలేదు. ఆయన అనుభవం అంతా చచ్చిపోబోయే పాములతోనే. ఆ సంగతి ఇన్నేళ్ళకి తట్టింది.

ప్రతి శుక్రవారం ఐచురోక్ నూనెలో పిండి ముక్కలు వేయించేది. పోయినవాళ్ళకి ఆ వాసన చేరుతుందని అక్కడ అందరూ చేసే పనే. ఇరుగుపొరుగులకి పంచడమూ మామూలే. ఒక పళ్ళెం ఎసెన్‌కుల్ గుమ్మానికి వచ్చేది. పాము ఎలా ఉందని ఆయన అడిగేవాడు. బాగుందని ఆమె చెప్పేది. గుమ్మంలో ఒక్క క్షణం ఎక్కువ నిలబడేది. ఆయన పళ్ళెం అందుకుని తలుపు వేసుకునేవాడు.

ఏడో శుక్రవారం ఆమె అంది, మర్జాన్ మళ్ళీ కుబుసం విడిచిందని. తడిగుడ్డ పెట్టిందట. ఒకే ముక్కగా వచ్చిందట. ఆ కంటి సంగతి ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆ పళ్ళెం తినలేకపోయాడు. మధ్యాహ్నం నాలుగో అంతస్తు ఎక్కాడు.

గాజు పెట్టెలో పాము కుడివైపుకే తల తిప్పుతోంది. ఎడమకన్ను ఎండిన కిస్‌మిస్ పండులా ముడతపడి లోపలికి పోయింది. ఐచురోక్ మిషన్ ముందు కూర్చుని, కార్ఖానా నుంచి తెచ్చుకున్న చొక్కాలకి గుండీలు కుడుతోంది.

"ఆ కన్ను పోగొట్టింది నేనే" అన్నాడు.

సూది ఆగలేదు. "తెలుసు పెద్దయ్యా."

"ఎప్పట్నుంచి?"

"మీరు బొటనవేలితో తుడిచినప్పట్నుంచి."

"మరి ఒక్క మాట అనలేదేం?"

"మీరు పెద్దవారు. మీరే చెప్తారని చూశాను. వారం వారం గుమ్మంలో నిలబడింది అందుకే."

"ఆ రోజు ఆపమని గట్టిగా అనుంటే ఆగేవాణ్ణి కదమ్మా."

ఆమె దారం కొరికి, మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. "ఆగేవారా?"

ఆ ప్రశ్న తప్పించుకోవడానికే కాబోలు, ఆయన చెయ్యి గాజు పెట్టె వైపు వెళ్ళింది. కుడికన్ను బాగుందో లేదో ఒక్కసారి చూస్తానన్నాడు.

"వద్దు" అంది ఐచురోక్.

ఆమె వయసు వాళ్ళెవరూ ఆయనతో ఆ మాట అని ఉండరు. ఆమె గొంతు పెంచలేదు. లేచి పెట్టె మూతకి గొళ్ళెం పెట్టి, మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"నేను కూడా చేశాను ఈ పని" అంది. "చదివింది చదివినట్టు తెలుసు నాకు. మర్యాద కోసం నోరు మూసుకున్నాను. దాని కన్ను మర్యాదకి పోయింది."

ఆయన వెళ్ళబోయాడు. ఊరికే పంపడం ఆ ఇళ్ళలో లేదు. ఆమె కూర్చోమంది, కూర్చున్నాడు. టీకెటిల్ తెచ్చింది. గౌరవమున్న చోట గిన్నెలో సగమే పోస్తారు. మళ్ళీ మళ్ళీ పోసే వంకతో మనిషిని కూర్చోబెట్టడానికి. నిండా పోశారంటే, తాగి లేవమని.

ఐచురోక్ పోస్తూనే ఉంది. టీ గిన్నె అంచుకి వచ్చి నిలిచింది, ఇంకొక్క చుక్క పడితే పొర్లేలా.

ఎసెన్‌కుల్ రెండు చేతులతో ఎత్తాడు. వంగని వేలు మీద టీ ఒలికి కాలింది. ఊదుకోకుండా తాగేశాడు.