వాలుగ ఎదురెక్కిన పూట

ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కడం కమాలుద్దీన్ పదమూడో ఏట మొదలుపెట్టాడు. నలభై ఆరో ఏట, ఈ వేసవిలో, కుడి మణికట్టు మొరాయించింది. ఉలి పట్టుకుంటే మోచేతి దాకా మంట. డాక్టరు పట్టీ వేసి, రెండు నెలలు ఉలి ముట్టుకోవద్దన్నాడు. ఇంట్లో ఉంటే అతని చెయ్యి ఊరుకోదని భార్య ఫిర్దోస్‌కు తెలుసు. అన్నం తింటూ కూడా బల్ల అంచును గోటితో గీరే మనిషి. "ఆత్మకూరులో మీ ఆపా ఇంట్లో ఉండు. ఉలి కనపడని చోట ఉండు" అని బస్సెక్కించింది.

ఆపా అంటే పెద్దక్క హసన్‌బీ. ముప్పై ఏళ్ళుగా ఆత్మకూరులో బట్టలు కుడుతోంది. తమ్ముడు రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరగడం చూసి ఆమెకు విసుగొచ్చింది.

"పెన్నకు పోయి గాలమేసుకోరాదా? కూర్చున్న చోట కూర్చుంటావు, నా మిషను చుట్టూ తిరగవు."

నవ్వులాటకే అంది. అతను మరునాడు పొద్దున్నే సోమశిల పోయే బస్సెక్కేశాడు.

మే నెల పెన్న అంటే ఇసుక. ఒడ్డు నుంచి ఒడ్డుకు కళ్ళు చెదిరే తెల్లటి ఇసుక, మధ్యలో అక్కడక్కడ రాళ్ళ పక్కన మిగిలిన మడుగులు. కమాలుద్దీన్ ఒక చిన్న పల్లె దగ్గర దిగి, మొదటి మడుగు పక్కన కూర్చుని గాలం వేశాడు. ఎండ నెత్తి మీదికొచ్చే దాకా బెండు కదల్లేదు.

"ఏంది అబ్బయా, ఆ తాడు చేపకా, బర్రెను కట్టేసేదానికా?"

వెనక్కి తిరిగి చూశాడు. అరవై అయిదేళ్ళు దాటిన మనిషి, నల్లగా, బక్కగా, భుజాన వల, నడుముకు చేపల బుట్ట. ఆమె పేరు నాగులమ్మ. ఆ పల్లెలోనే పుట్టింది, ఆ ఏటి చేపలతోనే బతికింది. అతను అంగట్లో కొన్న లావు నైలాను తాడును వేళ్ళతో నలిపి చూసి, పక్కన పడేసింది. తన బుట్టలోంచి సన్నటి టంగూసు దారం తీసి గాలం కట్టి ఇచ్చింది.

"నీ నీడ నీళ్ళ మీద పడతుండాది. అట్టా కూసుంటే చేప రమ్మన్నా రాదు. ఇంకో పక్కకి రా."

పక్కకు జరిగాక అరగంటలో మూడు పరకలు పడ్డాయి. అరచేతిలో సగం ఉన్న చేపలు. అయినా మొదటిదాన్ని అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. వెండి రేకులాంటి ఒళ్ళు, అంచున గులాబి మెరుపు. ముప్పై మూడేళ్ళుగా చెక్కను నునుపు చేస్తున్న చెయ్యి అది. ఇంత నునుపు ఎన్నడూ దాని కిందికి రాలేదు.

ఆ తర్వాత అతను రోజూ వచ్చాడు. నాగులమ్మను అవ్వా అని పిలవసాగాడు. జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే చెయ్యి ఎట్లా వాస్తుందో ఒక రోజు తెలిసింది. బెండు మునిగిన వెంటనే లాగకుండా ఓర్చుకోవడం వారం రోజులకు పట్టుబడింది. ఒక పొద్దున మడుగు అంచున ఎర్రటి రంగేదో ఒలికినట్టు కనిపించింది. ఆ రంగు కదిలింది. వేల కొద్దీ చేపపిల్లలు, మిరప గింజలంత ఎర్రవి, ఒక్క ముద్దగా ఈదుతున్నాయి. వాటి అడుగున మొద్దులాగా నల్లటి కొరమీను. పిల్లలు ఎటు జరిగితే అది అటు జరుగుతోంది. కమాలుద్దీన్ చెయ్యి గాలం మీదికి పోయింది.

"వెయ్యబాక!" నాగులమ్మ గొంతు కరుకుగా వచ్చింది. "తల్లి పోతే, గంటలో ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి."

అతను గాలం పక్కన పెట్టాడు. ఆ రోజు ఇద్దరూ చేపలు పట్టలేదు. ఎర్రటి ముద్ద రాళ్ళ నీడలోకి పోయే దాకా చూస్తూ కూర్చున్నారు.

ఏటి నడుమ, మోకాళ్ళ మీద కూర్చున్న ఏనుగులా ఒక బండ ఉంది. దాని కిందిది ఏనుగు మడుగు. ఎగువ వైపు నడుము ఎత్తు రాతి పరుపు, ఆ పరుపు కింద ఎన్ని నిలువుల లోతుందో ఎవరూ చూడలేదు. అందులో మనిషంత వాలుగ చేప ఉందని నాగులమ్మ చెప్పింది. తనకు పెండ్లయిన ఏడాది ఒకసారి చూసిందట. అదే ఇదో, దీని తల్లో తెలియదట. కమాలుద్దీన్‌కు ఆ మాట నిద్రలో కూడా వినిపించింది.

నెలాఖరులో నాగులమ్మ అతన్ని హెచ్చరించింది. "తాగే నీళ్ళకని రేపు సోమశిల డ్యాం నుంచి వదుల్తారంట. తలారి చాటింపు వేసినాడు. పదికల్లా ఈడికొస్తాయి. తొమ్మిదికే ఒడ్డెక్కాల, ఇన్నావా?"

"విన్నా అవ్వా."

మరునాడు ఆరున్నరకే ఏనుగు మడుగులో బతికున్న చిన్న జెల్లను ఎరగా వేశాడు. దారం చుట్టిన చెక్కను ఎడమ చేతిలో పట్టుకున్నాడు. ఎనిమిదిన్నర దాటింది. ఇక లేద్దామనుకుంటుండగా దారం నెమ్మదిగా, ఎవరో అడిగి తీసుకుంటున్నట్టు, నీళ్ళలోకి సాగింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి గుంజాడు.

అవతల ఏదో బరువుగా నిలబడిపోయింది. రాయికి తగులుకుందేమో అనుకున్నాడు. అప్పుడు ఆ రాయి నడవడం మొదలుపెట్టింది.

దారం వేళ్ళను కోసింది. తువ్వాలు చుట్టుకుని పట్టుకున్నాడు. మడమలు ఇసుకలో కూరుకున్నాయి. అది అడుగుకు పోయేది, అతను కొంచెం కొంచెంగా తెచ్చుకునేవాడు, మళ్ళీ పోయేది. మణికట్టు నొప్పి గుర్తు రాలేదు. టైము గుర్తు రాలేదు. ఒకసారి నీళ్ళు ఉబ్బి, తెల్లటి పొట్ట తిరగబడి, బారెడు మీసాలున్న తల ఒకటి పైకొచ్చి అతన్ని చూసి మునిగింది. అతనికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. భయం కాదు అది. ఆ కన్ను అంత చిన్నగా, అంత ప్రశాంతంగా ఉంది.

"కమాలూ! టైమైపోయింది! రా!"

నాగులమ్మ చీర పైకి దోపుకుని ఇసుకలో అడ్డంపడి వస్తోంది.

"వస్తా అవ్వా! నువ్వు పో! ఇదొచ్చేసింది, ఇంకొంచెం!"

ఆమె పోలేదు. దగ్గరికొచ్చి, ఆయాసపడుతూ అతని పక్కనే ఇసుకలో చతికిలపడింది.

"అవ్వా, ఏంది నువ్వు! లెయ్!"

"నిన్నిడిచి పోయేదానికా ఇంత దూరం వచ్చినాను? పట్టేదీ ఇడిచేదీ నీ ఇష్టం. నువ్వు లేస్తే నేనూ లేస్తా."

ఆమె కసరలేదు, బతిమాలలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎగువకు చూస్తూ కూర్చుంది. బక్కటి కాళ్ళు పరుగుకు వణుకుతున్నాయి. కమాలుద్దీన్ ఆ కాళ్ళను చూశాడు. దారాన్ని చూశాడు. వేళ్ళు తెరిచాడు.

చుట్టిన చెక్క ఎగిరి నీళ్ళలో పడి మునిగిపోయింది.

ఒడ్డు దూరం, ఆమె కాళ్ళతో అక్కడి దాకా పరుగెత్తేంత వ్యవధి లేదు. ఎగువ నుంచి, పొయ్యి మీద నూనెలో తడి పడ్డట్టు, సన్నటి చిటపట వినిపించింది. నాగులమ్మ అతని చెయ్యి పట్టి ఏనుగు బండ మీదికి ఎక్కించింది.

గోడలాగా వస్తుందనుకున్నాడు. అట్లా రాలేదు. ఏరు నడిచి వచ్చింది. మనిషి నడిచినంత నిదానంగా, అంచున నురగ, పుల్లలు, ఎండుటాకులు మోసుకుంటూ, ఇసుకలో ప్రతి గుంటా నింపుకుంటూ వచ్చింది. నెలల తరబడి కాలిన ఇసుక ఆ నీళ్ళు తాగుతుంటే లోపలి గాలి బుడగలై పైకొచ్చింది. అదే ఆ చిటపట. తడి మట్టి వాసన ముఖానికి కొట్టింది. ఎక్కడెక్కడి కొంగలో ఆ అంచు వెంట నడుస్తూ వచ్చాయి. నీళ్ళు రాతి పరుపు మీదికి చేరి, ఒక్క క్షణం ఆగినట్టయి, ఏనుగు మడుగులోకి దూకాయి.

మడుగు లేచింది. ముందు పరకలు. పిడికెళ్ళతో వెండి విసిరినట్టు నీళ్ళలోంచి ఎగిరి, పరుపు మీది ధారకు ఎదురెక్కాయి. సగం వెనక్కి పడి మళ్ళీ ఎగిరాయి. తర్వాత జెల్లలు, తర్వాత చేతి పొడవు బొచ్చెలు. ఆ చిన్న మడుగులో ఇన్ని ప్రాణాలున్నాయని, ఇన్నాళ్ళూ అవి ఈ నీళ్ళ కోసమే కాచుకుని ఉన్నాయని కమాలుద్దీన్‌కు అప్పుడు తెలిసింది.

"అదిగో," అంది నాగులమ్మ మెల్లగా.

నీటిమట్టం పెరిగి పరుపు ఎత్తు తగ్గాక వాలుగ వచ్చింది. పరుపు మీద మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయి. దాని వీపు బయటే ఉంది. ఆరడుగుల పైమాటే. బూడిద రంగు ఒళ్ళు ఎండలో ఉక్కులా మెరిసింది. నోటి పక్కనుంచి టంగూసు, దాని చివర చెక్క, వెనకే ఈడ్చుకుంటూ వస్తున్నాయి. మధ్యలో ఒకసారి ఆగింది. దాని పక్కలు ఎగసిపడుతున్నాయి. చెక్క రాళ్ళ సందులో ఇరుక్కుంది. వాలుగ తల విదిలించింది. దారం తెగింది. ఒంటిని ఒక్కసారి విల్లులా వంచి, అది పరుపు దాటి, ఎగువన కొత్తనీటిలోకి వెళ్ళిపోయింది.

కమాలుద్దీన్ సుభానల్లా అన్నాడు. పక్కన నాగులమ్మ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

"ఎన్నిసార్లు చూసినావవ్వా ఇది?"

"ఇంత దగ్గరగా ఎన్నడూ చూళ్ళా. నీళ్ళొచ్చేటప్పుడు ఏట్లో ఎవురుంటారు? నీలాంటి తిక్కోడు కాకపోతే!"

పన్నెండు దాటాక ఆమె మేనల్లుడు తిరుపాలు మోకుతో, లారీ ట్యూబుతో వచ్చాడు. నడుము లోతు నీళ్ళలో ముందు ఆమెను, తర్వాత ఇతన్ని ఒడ్డుకు చేర్చి, అప్పుడు నోరు తెరిచాడు.

"నీ చేపల పిచ్చి నీకుండాది సరే, మా అత్తను గూడా ఏట్లో కలిపేద్దామనుకున్నావా?"

కమాలుద్దీన్ తల వంచుకున్నాడు. తప్పయిందని ఆమె కాళ్ళకు వంగబోతే, నాగులమ్మ వెనక్కి జరిగి తిరుపాలును కసిరింది. "పోనీరా. నువ్వు చూళ్ళేదు గాబట్టి అట్టా మాట్లాడతుండావు."

సాయంత్రం హసన్‌బీ తలుపు తీసి తమ్ముణ్ణి చూసింది. తడి బట్టలు, ఖాళీ చేతులు, వేళ్ళ నిండా కోతలు.

"చేపలేవి?"

చెప్పబోయాడు. రెండు చేతులూ చాచి పొడవు చూపించాడు. చాల్లేదు. ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. పసుపు, కొబ్బరినూనె తెచ్చి వేళ్ళకు రాస్తూ అంతా విన్నది. మధ్యలో తిట్టింది. ముసలామె పక్కన కూర్చున్న సంగతి దగ్గర నూనె రాయడం ఆపింది. నూనె గిన్నె పక్కన పెట్టి, "ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నా, నేను ఒకసారి కూడా ఆ ఏటి దాకా పోలేదురా," అంది.

మరునాడు మిషను మీద గుడ్డ కప్పి, తమ్ముడితో పాటు బస్సెక్కింది. నాగులమ్మకని డబ్బాలో సేమ్యా పాయసం తెచ్చింది. ఒడ్డున నిలబడి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్ళే. ఏనుగు బండకు వీపు మాత్రం కనిపిస్తోంది. హసన్‌బీ కొంగు నెత్తి మీదికి లాక్కుని, చెప్పులు విడిచి, చీర చీలమండల పైకి ఎత్తి పట్టుకుంది.

"లోతుండాదా?" అని నాగులమ్మను అడిగింది.

"ఈ పక్క లేదులే. దిగమ్మా," అంటూ నాగులమ్మ చెయ్యి అందించింది.