జమ్మలమడుగులో దంతధావన మహాయజ్ఞం

మానవుడు సాధించిన సకల విజయాలలోనూ టూత్‌బ్రష్షుదే అగ్రస్థానమని ప్రొద్దుటూరు దంతవైద్యుడు గుణశేఖర్ సిద్ధాంతం. నిప్పు, చక్రం ఆ తరువాతివి. ఆ సిద్ధాంత వ్యాప్తికై ఆయన నిరుడు జమ్మలమడుగులోని ఒక బడిని ఎంచుకున్నాడు. పిల్లలకు తలా ఒక మెత్తని బ్రష్షు బహూకరించి, ప్లాస్టర్ దవడ చేతబట్టి, పై వరుసనూ కింది వరుసనూ తోమవలసిన విధానాన్ని ఉపదేశించి వచ్చాడు.

ఈనాడు పరీక్ష. కడప నుంచి విద్యాశాఖ అధికారిణి అర్చన వస్తున్నది. పిల్లలు బ్రష్షులు వాడుతున్నట్టు తేలితే ఈ యజ్ఞం పులివెందుల బడులకూ విస్తరిస్తుంది. లేకుంటే ఇక్కడితో సమాప్తం. అంతటి దినాన, పొద్దున్నే గుణశేఖర్ నోట్లో పేస్టు చేదుగా తగిలింది. కంపెనీలు కల్తీకి తెగబడ్డాయని తీర్మానించి, ఉమ్మేసి, కారెక్కాడు.

తరగతిలో అర్చన ఒక్కటే అడిగింది.

"ఇంటి నుంచి తెమ్మన్న బ్రష్షులు పైకెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"యాడమ్మా నీ బ్రష్షు?" ముందు బెంచీలోని సహస్రను అడిగాడు గుణశేఖర్.

"మా యమ్మ ఇయ్యలేదు సార్. దాంతో కమ్మలు తోముకుంటాంది. రాళ్ల సందుల్లోకి శానా బాగా పోతాదంట."

"మరి నువ్వు దేంతో తోముకుంటాండావు?"

"వేపపుల్లతో."

వెనుక నుంచి నాసిర్ అందుకున్నాడు. "మా నాయన బండి చైనుకు పెట్టుకున్యాడు సార్. ఇంగోటుంటే ఇప్పించుకోని రమ్మన్యాడు."

తరగతి గొల్లుమంది. గుణశేఖర్ మాత్రం రాజ్యం పోగొట్టుకున్న ప్రభువులా, ప్లాస్టర్ దవడను గుండెకు హత్తుకున్నాడు.

"పులివెందుల సంగతి తరువాత చూద్దాంలెండి, డాక్టరుగారూ" అంది అర్చన, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదే ఆయనను ఎక్కువ పొడిచింది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి, పెరట్లో కుంకుడు రసం గిన్నె ముందు కూర్చున్న తల్లి కృష్ణవేణమ్మకు జరిగిన ఘోరమంతా నివేదించాడు.

"నోట్లో పెట్టుకునే వస్తువుతో నగలు తోముతారామ్మా? సిగ్గుండొద్దా మనుషులకు?"

"బంగారమన్నాక తోముకోరా? దానికింత రాద్ధాంతమేంది నాయనా" అంటూ ఆమె గొలుసు తోముతూనే ఉంది. చేతిలో నీలిరంగు బ్రష్షు. గుణశేఖర్ దానివంక చూశాడు.

"అది... ఎవరిదమ్మా?"

"నీదే. అరిగి మెత్తబడింది, గొలుసు కొక్కేలకు బాగుంటాది. నిన్న గాజులు గూడా దీంతోనే తోమినా. కడిగే పెట్టినాలే."

పేస్టులో కల్తీ ఏమీ లేదు.